అవునంటే అవునేనా?

మా టైలరు నోట "రేపు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క రాసిపెట్టుకుంటే ఈపాటికి ఒక పంచాంగం తయారయ్యేది. "రేపు తప్పకుండ ఇస్తనమ్మా, గుండీలు కుట్టుడే ఉన్నది" అంటాడు. మర్నాడు వెళితే గుండీల మాట దేవుడెరుగు, గుడ్డకు కత్తెరే తగిలి ఉండదు. అయినా నేను ఇంకో టైలరు దగ్గరికి పోను. పోయి లాభం లేదు, అక్కడా రేపే. ఆయన "రేపు" అంటే "వచ్చే మంగళవారం" అని నేను అర్థం చేసుకుంటాను. నేను అట్లా అర్థం చేసుకుంటానని ఆయనకూ తెలుసు. ఇందులో ఎవరు ఎవర్ని మోసం చేసినట్టు?

ఆ మాటకొస్తే మన ఇంటి భాష నిండా ఇలాంటివే. డబ్బాలో బియ్యపు గింజ లేకపోతే మా అత్తగారు "బియ్యం నిండుకున్నాయి" అనేవారు. దీపం ఆరిపోతే కొండెక్కింది. ఇంటికొచ్చిన చుట్టం "పోతాను" అనకూడదు, "పోయొస్తాను" అనాలి, మళ్ళీ పదేళ్ళదాకా వచ్చే ఉద్దేశం లేకపోయినా సరే. ఇవన్నీ నిజానికి తలకిందుల మాటలే. కాని వీటిని విని మోసపోయిన కోడలిని నేనింతవరకు చూడలేదు. బియ్యం నిండుకున్నాయంటే సంచీ పట్టుకుని బజారుకు బయలుదేరుతుంది తప్ప, నిండుగా ఉన్నాయి గదా అని కూర్చోదు.

అదే "చూద్దాం" సంగతి వేరు. ఎవరైనా అప్పు అడిగితే "లేదు" అనే ధైర్యం మనకుండదు. "చూద్దాం తీ, ఆయన్ని అడిగి చెప్త" అంటాం. ఆయన్ని అడగం, అడగబోమని మనకు ముందే తెలుసు. పాపం, అవతలావిడకు తెలియదు. ఆ "చూద్దాం" పట్టుకుని మూడుసార్లు మన గుమ్మం ఎక్కి దిగుతుంది. ఇప్పుడు ఫోనుల్లోనూ ఇదే వరస. వాట్సాపులో నీలం గుర్తులు కనిపించకుండా నొక్కేసుకుని, చదివి కూడా చదవనట్టు కూర్చునేవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. చెప్పినవాళ్ళకు తెలిసీ, విన్నవాళ్ళకు తెలియనప్పుడే మాట వంకర తిరుగుతుంది.

ఈ తేడాను నాకు పట్టి చూపించినావిడ మా వీధి చివర ఉండే టీచరమ్మ. ముప్ఫై ఏళ్ళు బడిలో సోషల్ చెప్పి రిటైరయింది. కరీంనగర్‌లో సి.ఎస్.ఐ. సంఘం ఆవిడది. ఈ ప్రాంతంలో ఆ సంఘానికి పాత చరిత్రే ఉంది. 1879లో వెస్లియన్ మిషన్ వాళ్ళు సికిందరాబాదులో పని మొదలుపెట్టి, తరవాత నిజాం ఇలాకాలో మెదక్, కరీంనగర్ వైపు వచ్చారు. 1947లో, స్వాతంత్ర్యం వచ్చిన నెలా పన్నెండు రోజులకు, వేరువేరు మిషన్ల వాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. 1978లో కరీంనగర్‌కు సొంత బిషప్పుతో వేరే డయోసీసు వచ్చింది. టీచరమ్మ వాళ్ళ నాయనమ్మ ఆ రోజుల్లో "బైబిలు స్త్రీ"గా పనిచేసిందట. అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు బైబిలు కథలు చెప్పటం, వినేవాళ్ళుంటే నాలుగు అక్షరాలు నేర్పటం. దొరలు, పాదిరీలు అడుగుపెట్టలేని వంటిళ్ళలోకి ఈ ఆడవాళ్ళు వెళ్ళేవారు. కథ చెప్పే ఆ చమత్కారం మనవరాలికి వచ్చినట్టుంది.

ఒక మధ్యాహ్నం వాళ్ళ స్త్రీల మైత్రి కూటానికి నన్నూ రమ్మంది. మతంలో కలిపేస్తారేమోనని మా ఆడపడుచు భయపడింది గాని, వాళ్ళు ముందుగా నాకు ఇచ్చింది సర్వపిండి, చాయ్. ఆ రోజు మాట్లాడుకున్నది నోటి మాట గురించి. కొండమీది ప్రసంగంలో ఏసు ఒట్లు వెయ్యొద్దంటాడు. ఆకాశం తోడనీ, భూమి తోడనీ, యెరూషలేము తోడనీ అనొద్దు. ఆఖరుకు నీ తలమీద కూడా ఒట్టు పెట్టుకోవద్దు, ఎందుకంటే అందులో ఒక్క వెంట్రుక నలుపు తెలుపులు కూడా నీ చేతిలో లేవు. ఇక్కడికి వచ్చేసరికి నా పక్కనావిడ మెల్లిగా కొంగు తలమీదికి లాక్కుంది. రంగు వేసుకుని రెండు రోజులే అయిందట.

మన దగ్గర ఒట్లకు కొదవా? అమ్మతోడు, నా బిడ్డ తోడు, దేవుని తోడు. కూరగాయలావిడ కిలో టమాటల మీద కూడా బిడ్డను తోడు తెస్తుంది. "ఒట్టు వేసినప్పుడు నిజం చెప్తనంటే, వెయ్యనప్పుడు ఏం చెప్తున్నట్టు చెల్లె?" అంది టీచరమ్మ. నాకు టక్కున ఏమీ తోచలేదు. ఔనంటే ఔను, కాదంటే కాదు అయితే ఇక మధ్యలో అమ్మను లాగే అవసరమేముంది?

ఈ ఒక్క మాట పట్టుకునే ఇంగ్లండులో క్వేకర్లనే వాళ్ళు పదిహేడో శతాబ్దంలో కోర్టుల్లో ప్రమాణం చెయ్యమని మొండికేసి జైళ్ళకు వెళ్ళారు. చివరికి చట్టమే దిగివచ్చి, ప్రమాణం బదులు "నిజం చెప్తానని ధ్రువీకరిస్తున్నాను" అంటే చాలునంది. మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టంలోనూ ఆ వెసులుబాటు ఉంది. దేవుడి పేరు ఇష్టం లేకపోతే ధ్రువీకరణ చాలు. అన్నట్టు సినిమాల్లో భగవద్గీత మీద చెయ్యి పెట్టించి చెప్పించటం చూసి మనం కోర్టంటే అదే అనుకుంటాం గాని, ఆ చట్టంలో ఉన్న ప్రమాణపాఠంలో పుస్తకం ఊసే లేదు.

"పది ఆజ్ఞల్లో అబద్ధమాడొద్దని ఉన్నది గదా, మరి మీ కథల్లో ఇంతమంది అబద్ధమాడుతరెందుకు?" అని అడిగాను. నాకు యాకోబు కథ కొద్దిగా తెలుసు. టీచరమ్మ నవ్వి, ఆజ్ఞలో ఉన్న మాట సరిగ్గా చూడమంది. పొరుగువాడి మీద తప్పుడు సాక్ష్యం చెప్పొద్దని ఉంది అక్కడ. అది పంచాయితీలో కూర్చుని చెప్పే మాట. ఇద్దరు సాక్షులు చెబితే మనిషి ప్రాణం పోయే రోజులవి. అందుకే సాక్షి అబద్ధమాడాడని తేలితే, అవతలివాడికి ఏ శిక్ష తేవాలనుకున్నాడో ఆ శిక్ష వాడికే వెయ్యమంది మోషే ధర్మశాస్త్రం. నాబోతు అనే పెద్దమనిషి తన ద్రాక్షతోట రాజుకు అమ్మనన్నందుకు యెజెబెలు రాణి చేసిన పని కూడా అదే. రాజు పేరు మీద ఉత్తరాలు రాసి, ఇద్దరు దొంగసాక్షుల్ని కూర్చోబెట్టి, అతన్ని రాళ్ళతో కొట్టించి చంపించింది. కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి, చూడండి!

ఆ మధ్యాహ్నం నాకు ఎక్కువ గుర్తుండిపోయింది సప్పీరా. అపొస్తలుల కార్యాల్లో వస్తుంది. మొగుడు అననీయ పొలం అమ్మాడు. ఆ రోజుల్లో విశ్వాసులు ఉన్నదంతా తెచ్చి అందరి కోసం పేతురు వాళ్ళ ముందు పెడుతున్నారు. వీళ్ళూ తెచ్చారు. కాని కొంత దాచుకుని, ఇదే మొత్తమన్నట్టు పెట్టారు. దాచుకోవటం తప్పని పేతురు అనలేదు. పొలం మీదే, అమ్మాక సొమ్మూ మీ చేతిలోదే గదా అన్నాడు. సగమే ఇస్తున్నామని చెప్పి ఇస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇచ్చింది సగం, కావలసిన పేరు పూర్తిగా. అననీయ అక్కడికక్కడే పడి చచ్చిపోయాడు. మూడు గంటల తరవాత, జరిగింది తెలియని సప్పీరా వచ్చింది. పొలం ఇంతకేనా అమ్మారు అని అడిగితే, ఔను, అంతకే అంది. కథలో ఆమె మాట్లాడింది ఇంతే. ఆమె కూడా పోయింది.

శిక్ష మరీ పెద్దదని నాకనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అక్కడున్న ఆడవాళ్ళకూ అనిపించినట్టుంది. "మొగుడు చెప్పిన లెక్క కాదని పెండ్లాం ఎట్లంటది అమ్మగారూ?" అని ఒకామె పాస్టరమ్మగారిని అడిగేసింది. పేతురు ఆమెను విడిగా అడగటంలోనే ఆ జవాబుందని టీచరమ్మ అంది. మొగుడి "ఔను" వేరు, నీ "ఔను" వేరు. ఆ మాట కొంతమందికి నచ్చలేదు. నాకు సగం నచ్చింది.

ఇక రెండో రకం ఆడవాళ్ళున్నారు. ఐగుప్తులో షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులు. హెబ్రీయులకు మగపిల్లాడు పుడితే పురిట్లోనే చంపెయ్యమని ఫరో ఆజ్ఞ. వీళ్ళు చంపలేదు. ఏమే అని నిలదీస్తే, హెబ్రీ ఆడవాళ్ళు గట్టి మనుషులు దొరా, మేము వెళ్ళేసరికే కనేస్తున్నారు అన్నారు. పచ్చి అబద్ధం. దేవుడు కోప్పడకపోగా వాళ్ళకు సంసారాలిచ్చి చల్లగా చూశాడట. ఫరో పేరేమిటో ఆ పుస్తకం చెప్పదు గాని, ఈ ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం రాసిపెట్టింది. అది నాకెంతో ముచ్చటేసింది. యెరికోలో రాహాబు కూడా అంతే. ఇద్దరు వేగులవాళ్ళను మిద్దె మీద జనపకట్టెల కింద దాచి, రాజభటులతో "వచ్చిన మాట నిజమే, చీకటిపడే వేళ వెళ్ళిపోయారు, తొందరగా తరిమితే దొరుకుతారు" అని వాళ్ళను తోవ తప్పించింది. ఆమె బతుకు ఊళ్ళో అందరూ చులకనగా చూసే బతుకు. మత్తయి రాసిన ఏసు వంశావళిలో ఆమె పేరుంది.

"ఇంట్లో లేరు" అనే మాట మనమూ అంటాం. చిట్టీ డబ్బులకు మనిషి వస్తే లోపల మంచం మీద ఆయన్ని కూర్చోబెట్టి అంటాం. కాని ఇదే మాట ఈ తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళు 1947, 48ల్లో రజాకార్ల ముందు, ఆ తరవాత యూనియన్ సైన్యం ముందు నిలబడి అన్నారు. లోపల గాదె వెనకాల మనిషి ఉండగా, గుండె దడదడలాడుతుండగా, ఎవరూ లేరయ్యా అన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆ పోరాటంలోని ఆడవాళ్ళ మాటలు వాళ్ళ నోటితోనే చెప్పించి "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం వేశారు. అది చదివాక నాకు రాహాబు మిద్దె ఎక్కడో యెరికోలో ఉన్నట్టనిపించలేదు.

పెద్దపెద్ద వేదాంతులు దీని మీద శతాబ్దాల తరబడి కొట్టుకున్నారట. అగస్టీను అనే గురువు ఎట్టి పరిస్థితిలోనూ, ప్రాణం కాపాడటానికైనా సరే, అబద్ధం పనికిరాదన్నాడు. మంత్రసానులకు దేవుడిచ్చిన బహుమానం వాళ్ళ దయకేగాని అబద్ధానికి కాదని సర్దిచెప్పాడు. ఆయన ఎప్పుడూ పురిటిగది గుమ్మంలో నిలబడలేదని నా అనుమానం.

కథలు కథలుగా వినేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. మన వీధిలోకి వచ్చేసరికి అంత తేలిగ్గా తేలవు. ఇరవై ఏళ్ళ కిందటి మాట చెబుతాను. మా ఎదురింటి వదిన కూతురు డిగ్రీ పూర్తిచేసింది. చక్కని పిల్ల. పదమూడో ఏట నుంచి ఫిట్స్ ఉండేవి. మాత్రలు మానకుండా వేసుకుంటుంటే మూడేళ్ళుగా ఒక్కసారీ రాలేదు. జగిత్యాల నుంచి మంచి సంబంధం వచ్చింది. జాతకాలు చూపించుకున్నారు, కుదిరాయన్నారు. పిల్ల గురించి వాకబు చెయ్యటానికి వాళ్ళు మా ఇంటికి వస్తారని తెలిసి, వదిన ముందురోజే వచ్చి నా చేతులు పట్టుకుంది.

"నిన్ను అబద్ధం చెప్పుమంటలేను వదినా. అడగకుంటే చెప్పకు. అంతే. వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యాలన్నరు, నేను ఒక్కటన్న ఆడమంటలేను గద!"

వాళ్ళ నాన్న భాగవతం చెప్పేవాడు, ఆమెకు పురాణం బాగా తెలుసు. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన జాబితా నాకు గుర్తుచేసింది. ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళి విషయాల్లో, ప్రాణం, ధనం, మానం పోయేచోట అబద్ధమాడినా పాపం లేదని. ఆ జాబితాలో ఆడవాళ్ళూ పెళ్ళీ ముందు నిలబడటం నాకెప్పుడూ మింగుడుపడదు. ఆ మాట విన్న బలి దాన్ని వాడుకోలేదన్నది కూడా జనం మరిచిపోతారు.

ఆ సాయంత్రం టీచరమ్మ కరివేపాకు కోసం వచ్చింది. వదిన మా ఇంట్లోనే ఉంది. దాచటానికేముంది, పిల్ల సంగతి వీధికంతా తెలుసు. టీచరమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత లేయా సంగతి ఎత్తింది. యాకోబు రాహేలు కోసం మామ లాబాను ఇంట్లో ఏడేళ్ళు చాకిరీ చేస్తే, పెళ్ళిరాత్రి ముసుగులో పెద్దపిల్ల లేయాను పంపాడు ఆ మహానుభావుడు. తల్లి మాట విని గుడ్డి తండ్రిని మేకతోళ్ళతో మోసగించిన యాకోబుకు తగిన శాస్తి జరిగిందని అందరూ అంటారు.

"అందరు యాకోబు మోసపోయిండనే అంటరు వదినా. లేయా గురించి ఎవరన్న అడిగిన్రా? తెల్లారంగ మొగుని మొహం చూసింది ఆమె. ఆ మొహం బతుకంత యాదికుంటది."

వదినకు కోపం వచ్చింది. మీవాళ్ళకు చెప్పటం సులువు, మా పెళ్ళిళ్ళు మీకేం తెలుసు అంది. టీచరమ్మ మెల్లిగా, మాకూ పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, అడ్డంకి ఏదైనా తెలిసినవాళ్ళు అందరి ముందు చెప్పవచ్చు, మాకూ గుండెలు దడదడలాడతాయి అంది. "మాత్రలు ఎట్ల దాస్తవు చెప్పు? అత్తగారింట్ల ఎక్కడ పెట్టుకుంటది, ఎవరు చూడకుంట ఎప్పుడు మింగుతది? రెండు రోజులు తప్పితే?"

అది వేదాంతం కాదు. డాక్టరు ఎన్నోసార్లు చెప్పిందే. మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి, ప్రాణం మీదికి రావచ్చు. తల్లి చెప్పని మాటను కూతురు రోజూ రాత్రి తన ఒంటితో మొయ్యాలి. చట్టం సంగతి చూస్తే, హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్ళికి అడ్డంకిగా రాసి ఉన్న మాటను 1999లోనే తీసేశారు. కాని ముఖ్యమైన సంగతి దాచి చేసిన పెళ్ళిని మోసమని కోర్టుకెక్కే దారి మాత్రం అట్లాగే ఉంది. ఇదంతా నేను చెబుతుండగానే పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో.

"నేనే చెప్త" అంది. అంతే అంది.

చెప్పింది కూడా. పెళ్ళివారు మా ఇంటికి రాకముందే వాళ్ళింటికే వెళ్ళారు. పిల్లాపిల్లాడూ మాట్లాడుకొమ్మని అయిదు నిమిషాలు వదిలితే, చెప్పేసింది. వాళ్ళు చాయ్ తాగి, నవ్వుతూనే వెళ్ళారు. నాలుగు రోజులకు ఫోను వచ్చింది. జాతకాలు కలవలేదట! ఆ మాటకు వదిన ఎంత ఏడ్చిందో, నాకు మాత్రం కోపంతో పాటు ఏదో ఊరట కూడా కలిగింది. అది నిండుకున్న బియ్యం లాంటి అబద్ధం. అందరికీ అర్థమయ్యేదే.

తరవాతి రెండేళ్ళూ మా వీధికి బాగా లేవు. వదిన టీచరమ్మతో మాట మానేసింది, నాతోనూ ముక్తసరే. బతుకమ్మకు మా గుంపులో ఆడకుండా వెనక వీధికి వెళ్ళింది. "ప్రేమతోటి నిజం చెప్పాలంటరు వాళ్ళ పుస్తకంల. ప్రేమ ఏడ పోయిందో గని, నా బిడ్డ పెండ్లయితే పాయె" అందట ఎవరితోనో. టీచరమ్మకు ఆ మాట చేరింది. జవాబేమీ చెప్పలేదు. క్రిస్మస్‌కు ఎప్పటిలాగే ఆ ఇంటికి కేకు పంపింది. ప్లేటు ఖాళీగా తిరిగొచ్చింది. మరుసటి ఏడూ పంపింది. ఖాళీ ప్లేటే వచ్చింది. టీచరమ్మ చేసింది సరైన పనేనని నేను అనుకుంటూనే ఉన్నాను. అయినా ఆ ప్లేటును చూసినప్పుడు ఆ మాట ఆవిడతో పైకి అనలేకపోయేదాన్ని.

పెద్దపల్లి వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చినప్పుడు వదిన నన్ను పిలిచింది, పక్కన ఉండమని. పెళ్ళివారు కుర్చీల్లో సర్దుకోకముందే, మంచినీళ్ళ గ్లాసులు చేతికిస్తూనే చెప్పేసింది. పిల్లకు ఫిట్స్ ఉండేవి, అయిదేళ్ళుగా లేవు, రోజూ మాత్ర వేసుకోవాలి, మీరు ఇప్పుడే లేచిపోయినా మేమేమనుకోము. గొంతు వణికింది గాని ఎక్కడా ఆగలేదు. పిల్లాడి తండ్రి కొడుకు వైపు చూశాడు. కొడుకు తల్లి వైపు చూశాడు. ఆ తల్లి గ్లాసు కింద పెట్టింది.

"మాత్ర ఎప్పుడేసుకుంటది?"

"రాత్రి తొమ్మిదింటికి" అంది వదిన.

"అన్నం తిన్నంకనా, ముందటనా?" అని అడిగిందావిడ.